రెండుసార్లు తట్టితే ఆగమని

ఇదిగో, మిమ్మల్నే. ముందు చివరి లైను చదివేసి, తర్వాత తీరిగ్గా మొదటికొచ్చేవాళ్లున్నారే, మీతోనే మాట్లాడుతున్నాను. ఈ వారం మీ పప్పులేం ఉడకవు. ఇందులో ఒకడు నిలువునా వెర్రివాడవుతాడు. అది మీరు కాదని మాత్రం మాటిస్తున్నాను. ఇక బుద్ధిగా పైనుంచి కిందికి రండి.

మూడు చక్రాల సైకిలు ఇంకా వాకిట్లోనే పడి ఉంది. ముందు చక్రం అణిగి పళ్లెంలా అయిపోయింది. హ్యాండిలు ఎటో తిరిగిపోయి ఆకాశంలోకి చూస్తోంది. దాన్ని తీసి అవతల పెడదామంటే ఇంట్లో ఎవరికీ చెయ్యి రావడం లేదు. అటూ ఇటూ నడిచేవాళ్లందరూ అక్కడ ఎవరో పడుకున్నట్టు చుట్టూ తిరిగి పోతున్నారు.

అన్నయ్య వ్యాను వెనక్కి తీస్తూ దాని మీదికెక్కించాడు. ఆ సైకిలు మీద ఉండాల్సిన మనవరాలు, అప్పుడే మంచినీళ్లకని లోపలికి పరిగెత్తింది. అందుకే నేనింకా ఇలా మీతో వేళాకోళం ఆడగలుగుతున్నాను.

"అమ్మెయ్ నాన్నా. పాత ఇనుముకిచ్చెయ్," అంది అమ్మాయి.

అమ్మాయంటే అన్నయ్య కూతురు. వ్యాను తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది. ఆరోజునుంచీ స్నానానికెళ్లినా దాన్ని వదలడం లేదు.

అన్నయ్య వ్యానులోనే కూర్చున్నాడు. తాళంచెవి లేని బండిలో, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీకి బండి తోలుతాడు. మాసినవి తేవడం, ఉతికినవి దింపడం. ఆ వ్యాను మా అమ్మాయి కంటే పెద్దది. దాన్ని కొని, అది ముసలిదయ్యాకే నిన్ను కన్నాం అని వదిన అప్పుడప్పుడూ అమ్మాయిని ఏడిపించేది. అది మరీ కోత అనుకోండి.

"నాన్నా, నీతోనే."

పలకలేదు. మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

"చూశావా బాబాయ్, మళ్లీ అలిగాడు. పిల్లని చంపబోయిందీ ఆయనే, అలిగిందీ ఆయనే."

ఆ మాట అంటున్నప్పుడు మాత్రం అన్నయ్య ఇటు తిరిగి ఉన్నాడు. అమ్మాయి మొహంలోకి చూశాడు. మళ్లీ స్టీరింగు వైపు తిరిగిపోయాడు.

"ఆ మాట ఇంకోసారి అనకు," అంది వదిన గుమ్మంలోంచి. గొంతు పెంచలేదు. "మీ బాబాయ్ గంట పెడుతున్నాడు కదా. మోగి, ఆయన ఆగితే తాళంచెవి ఇచ్చెయ్. ఆగకపోతే నేనే పాత ఇనుము వాణ్ణి పిలుస్తాను."

"పిలుస్తావా? నువ్వా? ఆయన పక్కన కూర్చోకపోతే నీకు అన్నం సహించదు."

"పిలుస్తానన్నానుగా."

వదిన ఆ బండిలో అన్నయ్య పక్కన కూర్చోవడం ఇంట్లో అందరికీ నవ్వులాట. ఏ లోడుకైనా వెళుతుంది. ఈ వయసులో షికారేమిటి వదినా అంటే, నీ పెళ్లాం నీతో రాదని నీకేడుపు అంటుంది. "క్లీనరు" అని నేనే పేరు పెట్టాను. చివరికి లాండ్రీలో మూటలు మోసేవాళ్లు కూడా క్లీనరమ్మా అనడం మొదలుపెట్టారు.

ఇక గంట సంగతి. నాది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. చదువు అంతంతమాత్రం గానీ, మోగని వస్తువుని మోగించడం, మోగకూడని చోట మోగించడం నాకు సరదా. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి మర్చిపోతే చంటిపిల్ల ఏడుస్తుంది. అలా పెట్టాను. మా ఆవిడ మొదటిసారి విని పక్కింటికి పరిగెత్తింది.

కొత్త కార్లకి వెనకాల గుండ్రటి కళ్లుంటాయి. రివర్సు గేరు వెయ్యగానే అవి మేలుకుంటాయి. వెనక ఏదైనా దగ్గరపడితే డ్రైవరు ముందు బజరు మోగుతుంది. ఈ ముసలి వ్యానుకి అవెక్కడివి? పాత కార్లు విప్పే షెడ్డులో ఒక విరిగిన బంపరుంటే దాని కళ్లు రెండు పీక్కొచ్చాను. చచ్చిపోయిన మైక్రోవేవ్ ఓవెన్లోంచి బజరు తీశాను. వ్యాను రివర్సు దీపం నుంచి కరెంటు లాగాను. గేరుబాక్సు దగ్గర దాని స్విచ్చు తుప్పు పట్టిపోయి ఉంటే గరుకు కాగితంతో రుద్ది రుద్ది వేళ్లు మండిపోయాయి. కొట్లో పరీక్ష చేస్తే కుయ్యిమని చెవి కోసేసింది.

వాకిట్లో సైకిలుకి కొంచెం ఇవతలగా నీళ్లు నింపిన బకెట్టు పెట్టాం. అమ్మాయి కూతుర్ని చంకనెత్తుకుని మెట్ల మీద నిలబడింది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "అయిపోగానే మళ్లీ నాకివ్వాలి," అంది. వదిన ఎప్పట్లాగే ఎక్కి పక్క సీట్లో కూర్చుంది.

"నాలుగడుగులకి కూడా క్లీనరుండాలా వదినా?"

"నోర్మూసుకుని పని చూడు."

ఇక్కడ నాకొక బుద్ధి పుట్టింది. ఆ ఇంట్లో ఎవరూ నవ్వి వారం దాటిపోయింది. బజరు మోగకుండా చేస్తే అన్నయ్య దర్జాగా బకెట్టుని గుద్దుతాడు, నీళ్లన్నీ నా మీద పడతాయి, మనవరాలు నవ్వుతుంది, దాన్ని చూసి వాళ్లమ్మ నవ్వుతుంది. అప్పుడు నేను తీగ చూపించి మళ్లీ పెడతాను. కొంచెం తిట్లు పడతాయి. తిట్లు నాకు కొత్తా?

ఆఖరిసారి చూస్తానని డాష్‌బోర్డు కిందికి వంగి, బజరు తీగ ఊడపీకి జేబులో వేసుకున్నాను. అన్నయ్య కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు.

ఇంజను మొదలైంది. ఆ ఇంజను తిరిగితే వ్యానులో మేకులతో సహా అన్నీ వణుకుతాయి, పక్క మనిషి మాట వినబడదు. నేను వదిన వైపు కిటికీ పట్టుకుని బండితోపాటే వెనక్కి నడుస్తున్నాను, బకెట్టు పగిలే ముచ్చట చూద్దామని.

బండి ఆగింది. బకెట్టుకి జానెడు దూరంలో.

"మళ్లీ తియ్," అన్నాను.

ముందుకెళ్లి మళ్లీ వెనక్కొచ్చాడు. అదే జానెడు.

"బాగా మోగిందిరా," అన్నాడు అన్నయ్య ఇంజను ఆపేసి. "చెవులు చిల్లులు పడ్డాయి."

నేను వదిన వైపు చూశాను. వదిన కొంగు సర్దుకుంటోంది.

"అవునవును," అంది. "అబ్బ, ఏం మోత."

బజరు తీగ నా జేబులో వేలికి తగులుతోంది. వదిన చెయ్యి అప్పుడే అన్నయ్య భుజం మీదనుంచి కిందికి జారింది.

*

వదిన వంటింట్లో గిన్నెలు తోముతోంది. వెళ్లి తీగ ఆమె ముందు గట్టు మీద పెట్టాను.

"ఏమిటిది?"

"మీ ఇద్దరి చెవులూ చిల్లులు పొడిచింది ఇదే."

కాసేపు తీగ వైపు చూసింది. "గంట మోగలేదంటే నీ పరువు పోతుందని అలా అన్నాను. పాపం మరిది కష్టపడ్డాడు కదా అని."

"మరి అన్నయ్య?"

పంపు కట్టేసింది.

"ఎప్పట్నుంచి వదినా?"

"మనవరాలు పుట్టకముందే ఒక చెవి పోయింది. రెండోది మెల్లమెల్లగా. ఇప్పుడు పెదాలు చూసి పోల్చుకుంటారు. వెనకనుంచి పిలిస్తే వినబడదు. అలిగారనుకుంటారు మీరంతా. పోనీ అలాగే అనుకోనివ్వమన్నారు. అలిగే డ్రైవర్ని ఎవరూ మాన్పించరు. చెవిటి డ్రైవర్ని లాండ్రీవాళ్లు ఒక్కపూట ఉంచరు."

ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని భోజనాల దగ్గర మా అన్నయ్యకి అలకెక్కువ అని నేను జోకులేశానో నాకే తెలియదు. ఆయన నా మొహం చూసి నవ్వేవాడు కూడా.

"అందుకేనా నువ్వు రోజూ ఎక్కేది?"

"క్లీనరునిగా. పేరు పెట్టింది నువ్వేగా." తడిచేతులు తుడుచుకుని నా భుజం మీద వేలితో తట్టింది. "ఇలా ఒకసారి తట్టితే నెమ్మదిగా పొమ్మని. రెండుసార్లు తట్టితే ఆగమని. వెనకాల హారను కొట్టినా, ఎవరైనా కేకేసినా, అంతా ఇందులోనే."

"మరి ఆరోజు ఎందుకెక్కలేదు? సైకిలు నలిగిన రోజు?"

"దర్జీ దగ్గరికెళ్లాను."

"ఏం కుట్టించావు?"

తోమిన గిన్నె తీసి మళ్లీ తోమడం మొదలుపెట్టింది. ఆ గిన్నె ముందే తళతళలాడుతోంది.

"వదినా."

"కడుపులో గడ్డ. కోసి చూస్తేగానీ అదేమిటో చెప్పలేమన్నారు. అంతవరకూ బరువెత్తొద్దు, కుదుపులున్న బండెక్కొద్దు అన్నారు. మన బండి సంగతి వాళ్లకేం తెలుసు." కొంచెం నవ్వింది. "డాక్టరమ్మ మంచిదే. కానీ నా మొహంలోకి చూడకుండా చెప్పింది. ఈయనతో ఇన్నేళ్లు కాపురం చేశాక, మొహం చూడకుండా మాట్లాడేవాళ్లంటే నాకు భయమేస్తుందయ్యా."

గట్టు మీది తీగని వేలికి చుట్టి, విప్పి, అక్కడే పెట్టాను.

"అన్నయ్యకి తెలుసా?"

"తెలియకూడదు. తెలిస్తే ఆ స్టీరింగు మీద చెయ్యి నిలవదు. చెవుల సంగతి మాత్రం అమ్మాయికి చెప్పు. చెప్పి తీరాలి, పిల్ల తిరిగేది ఆ వాకిట్లోనే. నా సంగతి ఎవరికీ వద్దు."

"ఎన్నాళ్లు దాస్తావు?"

"నువ్వు నీ పని పూర్తిచేసేదాకా." తీగ తీసి నా అరచేతిలో పెట్టింది. "మోగేది ఆయనకెందుకు? తట్టేది చెయ్యి."

*

అమ్మాయికి చెవుల సంగతి చెప్పాను. కూతురి జుట్టు దువ్వుతూ వింది. దువ్వెన మధ్యలో ఆగిపోయింది.

"అంటే ఇన్నాళ్లూ నేను అరిచినవేవీ ఆయనకి వినబడలేదా?"

"చాలావరకు."

"మొన్న వాకిట్లో అన్నది?"

అబద్ధం చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆరోజు మాత్రం చేతకాలేదు.

"అది నీ మొహం చూస్తూ విన్నాడమ్మా."

దువ్వెన పక్కన పెట్టేసింది. "మళ్లీ పరీక్ష పెట్టు బాబాయ్. ఈసారి అమ్మ బండిలో ఉండకూడదు. నా పక్కన మెట్ల మీద నిలబడాలి," అంది.

తట్టేది చెయ్యడమంటే కుయ్యిమనేది చేసినంత తేలిక కాదు. మెడనొప్పికి పెట్టుకునే కరెంటు దిండొకటి ఎవరో కొట్లో ఇచ్చి మళ్లీ రాలేదు. అందులోని మోటారు తీసి సీటులో పెట్టాను. గుర్రుమని వణికింది. వదిన కూర్చుని చూసి తల అడ్డంగా ఊపింది.

"బండే వణుకుతుంటే ఇంకో వణుకు ఆయనకెలా తెలుస్తుంది?"

నిజమే. మళ్లీ ఆ షెడ్డుకి పోయాను. కారు తలుపులకి తాళం వేసే చిన్న మోటారుంటుంది. కరెంటు తగలగానే ఒక ఊచ ముందుకి పొడుచుకొచ్చి, మళ్లీ లోపలికి పోతుంది. టుక్. సరిగ్గా వేలితో పొడిచినట్టు. వస్తువు దగ్గరపడుతుంటే ఒకసారి, మరీ దగ్గరైతే రెండుసార్లు పొడిచేలా కళ్లకీ దానికీ లంకె కుదర్చడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కుదిరింది. దాన్ని డ్రైవరు సీటు వీపులో, భుజం తగిలే చోట బిగించాను.

అన్నయ్య బజారుకి వెళ్లినప్పుడల్లా వదిన వచ్చి ఆ సీట్లో కూర్చునేది. నేను వెనకాల అట్టపెట్టె అడ్డం పెట్టేవాణ్ణి.

"గట్టిగా ఉంది. నా వేలు ఇంత మొరటుగా ఉంటుందా?"

ఊచకి రబ్బరు తొడిగాను.

"ఇప్పుడు ఎవరో పరాయివాళ్లు తట్టినట్టుంది."

తన పాత చీరలోంచి ముక్క చించి ఆ రబ్బరు మీద చుట్టింది. చుట్టి కూర్చుంది. విప్పి ఇంకో చుట్టు చుట్టింది. మళ్లీ కూర్చుంది. ఈసారి ఊచ తట్టినప్పుడు ఏమీ అనలేదు. సీటుకి అలాగే వీపు ఆనించి కళ్లు మూసుకుంది.

"సరిపోయిందా వదినా?"

"ఇంకోసారి తట్టించు."

తట్టించాను.

"సరిపోయింది," అంది. "ఇక నేను రాకపోయినా ఫరవాలేదు."

నేను అట్టపెట్టె సర్దుతున్నట్టు బండి వెనక్కి పోయి అక్కడే ఉండిపోయాను.

*

మళ్లీ నీళ్ల బకెట్టు. మళ్లీ అమ్మాయి, చంకలో పిల్ల. ఈసారి వదిన కూడా మెట్ల మీదే. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

సీటులో తట్టేది పెట్టానని మాత్రమే అన్నయ్యకి చెప్పాను. ఎలా తడుతుందో చెప్పలేదు. ఎక్కి కూర్చుని ఖాళీగా ఉన్న పక్కసీటు వైపు చూశాడు. మెట్ల వైపు చూశాడు. వదిన తల ఊపింది, పొమ్మన్నట్టు.

బండి వెనక్కొచ్చింది. వస్తూ వస్తూ ఒకచోట నెమ్మదించింది. ఇంకొంచెం వచ్చింది. ఆగింది.

జానెడు.

మనవరాలు చప్పట్లు కొట్టింది. అమ్మాయి చంకలోంచి పిల్లని దించి, వాకిట్లోకి నడిచి, ఆ నలిగిన సైకిలు హ్యాండిలు పట్టుకుని గోడవారకి లాక్కెళ్లి పెట్టింది. తిరిగొచ్చి, "తాళంచెవి బండికే ఉండనీ బాబాయ్," అంది. మొహం చూపించకుండా లోపలికెళ్లిపోయింది.

అన్నయ్య మాత్రం దిగలేదు. ఇంజను ఆపి, చేతిని భుజం వెనక్కి పోనిచ్చి సీటులో ఆ చోట తడుముకుంటున్నాడు. నేను కిటికీ దగ్గరికెళ్లి, ఆయనకి నా పెదాలు కనబడేలా నిలబడ్డాను. వదిన వైపు నా వీపు.

"ఇలా తట్టాలని నీకెవరు చెప్పార్రా?"

"ఎవరు చెప్పాలి? నేనే ఊహించాను."

"ఒకసారికి నెమ్మది, రెండుసార్లకి ఆగు. ఊహించావు."

"ఆ."

"ఈ గుడ్డ కూడా నువ్వే ఊహించావా?"

నేను నేల చూశాను. తల దించితే నా మాట ఆయనకి అందదని అప్పుడు గుర్తొచ్చింది. దించే ఉంచాను.

"తలెత్తరా," అన్నాడు మెల్లగా. "కోసేది ఎప్పుడట?"

తలెత్తాను. కొత్తగా ఏదో తెలుసుకోవాలన్నట్టు లేదు ఆ మొహం. ఎప్పుడో ఏడ్చేసి కడుక్కొచ్చిన మొహంలా ఉంది.

"ఆరోజు ఇంకో డ్రైవరు రాలేదని అతని ఆసుపత్రి కూడా నాకే వేశారు. దుప్పట్ల మూట భుజానేసుకుని లోపలికి పోతుంటే బెంచీ మీద కూర్చునుంది. దర్జీ దగ్గరికని చెప్పిన మనిషి. ఆ తలుపు మీద బోర్డు చదివాను, గడ్డలు కోసే డాక్టరుదని. మూట మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కొచ్చేశాను. ఇంటికొచ్చి బండి వెనక్కి తీస్తున్నాను. అద్దంలోకే చూస్తున్నానురా, ఒట్టు. అద్దంలో ఆ బెంచీయే కనబడుతోంది."

"మరి వదినని అడగొచ్చుగా?"

"అడిగితే అబద్ధం చెబుతుంది. ఉన్న బరువుకి అదొకటి మోయాలి. ఎవరితోనో ఒకరితో చెప్పుకుంటే కొంచెం దిగుతుంది కదరా. నాతో చెప్పదు. పిల్లతో చెప్పదు. నీతోనైతే చెబుతుంది. కానీ నువ్వెళ్లి అడగాలి."

"నేనడుగుతానని నీకేం తెలుసు?"

"నువ్వు తీగ పీకి జేబులో వేసుకోవడం కిటికీ అద్దంలో చూశాను. నాకు వినబడదు గానీ కనబడుతుంది కదా. మోగిందన్నాను. నేనంటే ఆవిడా మోగిందనే అంటుంది. ఇక నువ్వు ఊరుకుంటావా? ముక్కుసూటిగా వంటింట్లోకి పోయావు."

ఇంటిల్లిపాదినీ ఆటపట్టించేవాణ్ణని పేరున్న నన్ను, మా చెవిటన్నయ్య కూర్చున్నచోటునుంచి కదలకుండా వంటింట్లోకి పంపించాడు. నా జేబులోని తీగతోనే నన్ను ఆడించాడు.

"ఏమంటున్నారయ్యా మీ అన్నయ్య?" వదిన మెట్ల మీదనుంచి కేకేసింది. "తట్టిందా, లేదా?"

ఆయనకి ఆ కేక వినబడలేదు. నా మొహం మారడం చూసి, ఆమె ఏదో అడిగిందని తెలుసుకున్నాడు. అటు తిరగలేదు. కిటికీ మీదున్న నా చేతిని వేలితో తట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"అచ్చం నీలాగే తడుతోందట వదినా," అన్నాను. "ఇంకేమీ అనలేదు."